వీధి వైపు గది

సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో మేమిద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఒకే ల్యాబ్‌లో, ఒకే గైడ్ దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్ళం. ఆమె నాకంటే ఏడాది సీనియర్, హనుమకొండ అమ్మాయి. నాది తెనాలి. సిడ్నీకి వచ్చిన కొత్తలో ఏమీ తెలియక ఆమె వెంట తిరుగుతూ ‘అక్కా’ అని పిలవడం మొదలుపెట్టాను. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. అక్కా అని పిలిచే మనిషి మీద అసూయపడటం కొంచెం కష్టమైన పని. ఎక్కడా బయటపడకుండా పడాలి. చదువుకున్నన్నాళ్ళూ ఆ కష్టం పడుతూనే ఉన్నాను. అయితే అందులో సగానికి పైగా లిస్బన్‌లో ఒక మామూలు హోటల్లో గడిపిన కొద్ది రోజుల్లోనే పడ్డాను.

మా పరిశోధన పిల్లల కిడ్నీ జబ్బు మీద. జబ్బు ముదిరేకొద్దీ కిడ్నీ లోపల మెల్లగా గట్టిపడిపోతుంది. ఒక మందు దాన్ని ఆపగలదేమోనని అక్క చూస్తుండేది. ఆ ప్రయోగాలకు కావలసిన కణాలను పెంచేది నేను. కణాలకు శని, ఆదివారాలు తెలియవు. ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్ళేముందు ల్యాబ్‌కి పోయి, వాటి మేత వాటికి వేసి, చేతులు కడుక్కుని ప్రార్థనకు వెళ్ళేదాన్ని. ఆమె ఫలితాలు బాగా వచ్చాయి. ఎవరైనా మెచ్చుకుంటే, ‘కణాలు పెంచింది మా చెల్లె’ అని నన్ను చూపించేది. మంచి మాటే. కానీ అలా చూపించినప్పుడల్లా నేను ఆమె వెనక నిలబడి ఉన్నట్టే అనిపించేది నాకు.

లిస్బన్‌లో జరిగే కాన్ఫరెన్స్‌కి ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. ఆమెకు వేదిక మీద మాట్లాడే అవకాశం వచ్చింది. నాకు పోస్టర్ వచ్చింది. పోస్టర్ అంటే మన పనినంతా ఒక పెద్ద కాగితం మీద అచ్చువేయించి, బోర్డుకి అతికించి, పక్కన నిలబడాలి. ఎవరైనా ఆగితే చెప్పుకోవాలి. మామూలుగా ఎవరూ ఆగరు.

ఫోన్లో చెబితే మా అమ్మ వెంటనే అడిగింది. “నీకెందుకివ్వలేదమ్మా? చిన్నప్పట్నించీ చర్చిలో వాక్యం చదివేది నువ్వేగా. ఆ పిల్లకేం గొంతుందని?”

గొంతు చూసి ఇవ్వరమ్మా అన్నాను. కానీ ఆ మాట లోపల ఎక్కడో పోయి కూర్చుంది. నిజమే. ఎనిమిదేళ్ళ వయసు నుంచి మా చర్చిలో, మైకు అందక పీట ఎక్కి మరీ, వాక్యం చదివినదాన్ని. అక్కకేమో నలుగురి ముందు మాట్లాడాలంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే టికెట్లు వచ్చినరోజు నుంచీ ఫ్లాట్‌లో అటూ ఇటూ తిరుగుతూ ప్రాక్టీస్ చేసేది. కూర తరుగుతూ వినేదాన్ని. చివరికి ఆమె ప్రసంగం ఆమెకంటే నాకే ఎక్కువ వచ్చేసింది.

మా గైడ్ మాతో రాలేదు. ఆవిడ కూతురికి ప్రసవం దగ్గరపడింది. మనవరాలు పుట్టే సమయానికి ఊళ్ళో ఉండకపోతే మా అమ్మాయి జీవితంలో నన్ను క్షమించదు, మీరిద్దరూ వెళ్ళి రండి అంది. యూనివర్సిటీ మా ఇద్దరికీ కలిపి ఒక గది బుక్ చేసింది.

హోటల్ గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. అలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. టైల్స్ అతికించిన పాత గోడలు, కొండెక్కుతున్నట్టుండే వీధి, తలుపు తీయగానే ఇరుకైన రిసెప్షన్, దాని వెనక నల్లకోటు వేసుకున్న అమ్మాయి. లిఫ్ట్‌లో ఒక మనిషి, ఒక సూట్‌కేసు పడితే నిండిపోతుంది. ముందు అక్క వెళ్ళింది. నేను కింద నిలబడి, పైకి వెళ్ళిపోతున్న లిఫ్ట్ చప్పుడు వింటూ ఉన్నాను. ఆ ప్రయాణమంతా అలాగే జరగబోతోందని అప్పుడే అనిపించింది.

మాకిచ్చిన గది వెనకవైపు ఉంది. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, గోడమీద పైపులు. రెండు మంచాలు కలిపేసి ఒకే దుప్పటి పరిచారు. టీ పెట్టుకుందామంటే కెటిల్ లేదు. ఆస్ట్రేలియాలో ఎంత చిన్న మోటెల్‌లోనైనా కెటిల్, రెండు టీ పొట్లాలు, వేలెడంత పాలడబ్బీ ఉంటాయి. ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చి, టీ లేకుండా ఎలా? నేను కిందికి వెళ్ళి అడిగాను. నల్లకోటు అమ్మాయి చాలా మర్యాదగా నవ్వి, గదుల్లో కెటిల్స్ ఇవ్వమని చెప్పింది. మంచాలు విడదీస్తారా అంటే ఆ గదిలో చోటు లేదంది. సరేనని పైకి వచ్చేశాను.

అక్క స్నానం చేసి బయటికొచ్చింది. సంగతి విని, తడితలకు తువ్వాలు చుట్టుకునే కిందికి వెళ్ళింది. ఆమె ఏం మాట్లాడిందో నాకు తెలియదు. కాసేపటికి చేతిలో కెటిల్‌తో వచ్చింది. ఆమె వెనక తాళాలు పట్టుకుని ఒక మనిషి. మా గది మార్చేశారు. పై అంతస్తులో, వీధి వైపు గది. రెండు వేరువేరు మంచాలు. నిలబడటానికి మాత్రమే చోటున్న చిన్న బాల్కనీ. అక్కడినుంచి చూస్తే ఇళ్ళ కప్పుల మధ్య నది ఒక ముక్క కనిపిస్తోంది.

“ఏం చెప్పావక్కా?” అన్నాను.

“ఏం చెప్తా? అడిగిన, అంతే,” అంది ఆమె, కెటిల్‌లో నీళ్ళు పడుతూ.

నేనూ అడిగాను కదా. నేనడిగితే లేని కెటిల్ ఆమె అడగ్గానే ఎక్కడినుంచి వచ్చింది? అదే గది నాకూ దొరికింది, అదే నది నాకూ కనిపిస్తోంది. సంతోషించాల్సిన విషయమే. కానీ నీళ్ళకంటే ముందు నేనే మరిగిపోయాను. ఆమె రెండు కప్పుల్లో టీ పోసి, ముందు నాకిచ్చింది. తాగాను. చాలా బాగుంది. అది కూడా కోపం తెప్పించింది.

పొద్దున టిఫిన్ బేస్‌మెంట్ హాల్లో. ఉడికించిన గుడ్లు, చీజ్, రొట్టె, చిన్న చిన్న కస్టర్డ్ కేకులు. వడ్డించే పెద్దాయన మొదటిరోజే అక్కతో ఏదో మాట్లాడాడు. రెండోరోజు ఆమె అడగకుండానే పాలు ఎక్కువ పోసిన కాఫీ తెచ్చిపెట్టాడు. నా వైపు తిరిగి గది నంబరెంతని అడిగాడు. ఎదురెదురుగా ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం మేము.

కాన్ఫరెన్స్ హాలు వీధి దిగి కొంచెం దూరం నడిస్తే వస్తుంది. నా పోస్టర్‌కి ఇచ్చిన చోటు బాత్‌రూములకు వెళ్ళే దారిలో. చాలామంది వచ్చారు, ఎవరూ నా కోసం రాలేదు. ఒకాయన ఆగి, బొమ్మలవైపు శ్రద్ధగా చూశాడు. నేను గొంతు సవరించుకునేలోపు, కాఫీ ఎక్కడ ఇస్తున్నారో తెలుసా అని అడిగాడు.

ఆ సాయంత్రం మాట్లాడేవాళ్ళకు మాత్రమే విందు. అక్క నేవీబ్లూ కోటు వేసుకుని అద్దం ముందు నిలబడి, ఎట్లున్న అని అడిగింది. బాగున్నావన్నాను. బాగానే ఉంది, అదే నా బాధ. ఆమె వెళ్ళాక, మరిగించిన నీళ్ళు ఉప్మా ప్యాకెట్లో పోసుకుని, బాల్కనీలో నిలబడి తిన్నాను. కింద వీధిలో ఆమె నలుగురితో కలిసి నడుస్తోంది. ఎవరో ఏదో అన్నారు, ఆమె తల వెనక్కి వేసి నవ్వింది. ఫ్లాట్‌లో నా మాటలకు అంతగా ఎప్పుడైనా నవ్విందా అని ఆలోచించాను. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఉప్మా చల్లారిపోయింది.

తిరిగి వచ్చాక కూడా ఆమె ఊరుకోలేదు. తలస్నానం చేసి, తడిజుట్టుతో బాల్కనీలో నిలబడి మళ్ళీ ప్రసంగం మొదలుపెట్టింది. నదివైపు నుంచి చలిగాలి వస్తోంది. లోపలికి రమ్మని చెప్పాలనిపించింది. కానీ నా బాధల్లో నేను ఉండి, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగాను.

పొద్దున లేచేసరికి ఆమె తన మంచం మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గాలి మాత్రం వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, వేడినీళ్ళు తాగింది, మళ్ళీ ప్రయత్నించింది. గొంతు పూర్తిగా పోయింది. ఆమె ప్రసంగం ఆ పూటే.

ఫోన్ తీసి ఏదో టైప్ చేసి, నా చేతికిచ్చింది. ‘నువ్వు చెప్పు’ అని ఉంది.

అప్పుడు నాకు ముందుగా కలిగింది జాలి కాదు. గుండె ఒక్కసారి పైకి ఎగిరింది. ఆ తర్వాతే జాలి వచ్చింది. అది కూడా నిజమైన జాలే. నేను చెప్పలేనేమో, గైడ్‌ని అడుగుదామా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ టైప్ చేసింది: ‘నీకు మొత్తం వచ్చు. నాకు తెలుసు. కూర తరిగేటప్పుడు నీ పెదాలు కదుల్తయి.’

సిగ్గుతో నేలవైపు చూశాను. ఆమె అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచింది. మంచం అంచున కూర్చుని స్లైడ్లు ఒక్కొక్కటిగా మార్చింది. నేను నిలబడి చెప్పాను. తొందరపడ్డచోట అరచెయ్యి చూపించి ఆపింది. తప్పు చెప్పినచోట మంచం మీద తట్టింది. నేను తెచ్చుకున్న బట్టలు చూసి, తన నేవీబ్లూ కోటు తీసి నా భుజాల మీద వేసింది. చేతులు కొంచెం పొడుగయ్యాయి. మడిచి, సరిచేసింది. అద్దంలో చూసుకున్నాను. నిన్న ఆమె ఒంటిమీద చూసి నేను కుమిలిపోయిన కోటు ఇప్పుడు నా ఒంటిమీద ఉంది. నాకు బాగానే నప్పింది.

హాలు పెద్దది. వేదిక ఎక్కి, ముందుగా ఇది నా పని కాదని, పని చేసిన ఆమెకు గొంతు పోయిందని, అదిగో ముందు వరసలో మెడకు స్కార్ఫ్ చుట్టుకుని కూర్చుందని చెప్పాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నా భయం పోయింది. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. నా గొంతు హాలు చివరిదాకా వెళ్ళి తిరిగి నా దగ్గరికే వస్తున్నట్టు మాత్రం గుర్తుంది. చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో మా నాన్న నేర్పాడు. సరిగ్గా అలాంటి చోట్లే ఆగాను. ఎవరూ ఫోన్లు చూసుకోలేదు.

ప్రశ్నల దగ్గర ఒకావిడ లేచింది. డెన్మార్క్ నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్ అని తర్వాత తెలిసింది. రెండో గుంపు కణాలు అంత త్వరగా ఎందుకు చనిపోయాయని అడిగింది. ఆ జవాబు స్లైడ్లలో లేదు, అక్క దగ్గరా లేదు. నా దగ్గర ఉంది. వాటిని పెంచింది నేను కాబట్టి. అవి మొదటినుంచీ గిన్నె అడుగున గట్టిగా అంటుకోలేదనీ, మందు వేయకముందే నీరసంగా ఉండేవనీ, కాబట్టి చావులన్నీ మందు లెక్కలో వేయలేమనీ చెప్పాను. ఆవిడ చాలాసేపు తల ఊపింది. చప్పట్లు గట్టిగానే కొట్టారు.

అప్పుడు అక్కవైపు చూశాను. ఆమె కూడా కొడుతోంది. చేతులు కలుస్తున్నాయి, ముఖం మాత్రం వేరే ఎక్కడో ఉంది. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు నా మీద నిలబడిపోయాయి. ఆ చూపు ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ముందురోజు సాయంత్రం బాల్కనీ నుంచి నేను ఆమెను చూసిన చూపే అది.

కాఫీ దగ్గర డెన్మార్క్ ప్రొఫెసర్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చదువు అయ్యాక ఏం చేయబోతున్నావు, మా ల్యాబ్‌కి వచ్చే ఆలోచన ఉందా అని అడిగింది. ఇది అక్క పనండీ అని, పక్కనే నిలబడ్డ ఆమెను ముందుకు లాగాను. ఆవిడ ఎంతో ఆప్యాయంగా అక్క చెయ్యి పట్టుకుని, నీకు చాలా మంచి సహాయకురాలు దొరికింది అంది. ఆ మాటతో ఇద్దరినీ కలిపి కొట్టినట్టయింది. సహాయకురాలు అన్నందుకు నాకు కాలింది. తన పని గురించి అడగకుండా నన్ను మెచ్చుకున్నందుకు ఆమెకు కాలింది. జవాబు చెప్పడానికి ఆమెకు గొంతు లేదు. నవ్వి ఊరుకుంది.

హోటల్‌కి వెళ్ళేటప్పుడు ఇద్దరం మాట్లాడుకోలేదు. గొంతు పోయిన మనిషి మాట్లాడకపోవడంలో వింతేమీ లేదు. కానీ ఫోన్ ఆమె జేబులోంచి బయటికి రాలేదు. గదిలోకి రాగానే కెటిల్‌లో నీళ్ళు పెట్టింది. ఒక్క కప్పు తీసింది. ఒక్క కప్పు టీ చేసుకుని, నాకు వీపు పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని తాగింది. వెస్ట్‌మీడ్ ఫ్లాట్‌లో మేము కలిసి ఉన్నన్నాళ్ళలో ఆమె ఒక్కతే టీ పెట్టుకోవడం నేను చూడలేదు. కోటు విప్పి, నలగకుండా మడిచి, ఆమె మంచం మీద పెట్టాను. ఆమె తిరిగి చూడలేదు.

గెలిచినదాన్ని నేనే. రాత్రంతా దాన్ని తలుచుకుని సంతోషపడదామని చూశాను. కుదరలేదు. ఆమె అసూయను మోయడం నా అసూయను మోయడం కంటే తేలికేమీ కాదు. నా అసూయ నాకు అలవాటైపోయింది. ఇది కొత్తది. అయినా లోపల ఒక మూల, పడనీ, ఇన్నాళ్ళు నేను పడలేదా అనిపించకపోలేదు.

మర్నాడు మాకు ఊరు చూడ్డానికి మిగిలిన రోజు. ఇద్దరం కలిసి ఎక్కడికెక్కడికి వెళ్ళాలో ఎప్పుడో సిడ్నీలోనే అనుకున్నాం. పొద్దున ఆమె మంచం దిగలేదు. మెలకువగానే ఉందని నాకు తెలుసు. ఒక్కదాన్నే బయల్దేరాను. కింద నల్లకోటు అమ్మాయి, మీ ఫ్రెండ్ గొంతు ఎలా ఉంది అని అడిగింది. ఇక్కడ కూడా ఆమె గురించే అడిగారు. ఈసారి ఎందుకో కోపం రాలేదు. ఇంకా రాలేదని చెప్పి వీధి దిగాను. నది ఒడ్డున నడిచాను, ట్రామ్ ఎక్కాను, కొండమీద కోట గోడ ఎక్కి ఊరంతా చూశాను. అంతా బాగుంది. బాగుందని చెప్పడానికి పక్కన మనిషి లేదు. ఎవరో ఒక జంటను నాకు ఫోటో తీయమని అడిగాను. అందులో నా తల సగమే పడింది.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చేశాను. దారిలో వేడి కస్టర్డ్ కేకులు పొట్లం కట్టించుకున్నాను. గదిలో ఆమె బాల్కనీ గుమ్మంలో కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చుంది. పొట్లం చూసింది. నన్ను చూసింది. తర్వాత మాట్లాడింది. గొంతు గరగరమని, ఎవరో ముసలాయన గొంతులా వచ్చింది.

“నాకంటే మంచిగ చెప్పినవ్.”

“అదేం లేదక్కా.”

“ఉండు, చెప్పనీ. మంచిగ చెప్పినవ్. అది నాకు మింగుడుపడ్తలేదు. రెండేండ్లు ఆ పని చేసిన. ఆ డెన్మార్క్ ఆమె నన్ను ఒక్క మాట అడగలే.”

అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. “నీ కెటిల్ నాకు మింగుడుపడలేదక్కా,” అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. చెప్పాను. కెటిల్ గురించి, గది గురించి, కాఫీ పెద్దాయన గురించి, విందుకు వెళ్తూ నవ్విన నవ్వు గురించి. చెబుతున్నకొద్దీ అవి ఎంత చిన్నవో నాకే వినబడింది. ఆమె నవ్వబోయి దగ్గింది. ఆ విందులో తన పక్కన కూర్చున్నాయన భోజనం అయ్యేదాకా తన కుక్క గురించి చెప్పాడంది. వీధిలో నవ్వింది కూడా ఏం చెప్పాడో అర్థంకాకేనంది. తర్వాత చెయ్యి చాపి పొట్లం తీసుకుంది. కేకులు తిన్నాం. ఏదో తేలిపోయిందని మాత్రం చెప్పను. ఆమె కళ్ళల్లో ఆ చూపు కొంచెం మిగిలే ఉంది. నాలోనూ మిగిలే ఉంది. కానీ ఆ పూట ఆమె రెండు కప్పుల టీ పెట్టింది.

సిడ్నీలో ల్యాబ్ మీటింగ్‌లో, మనవరాలి ఫోటోలన్నీ చూపించాక, ప్రసంగం ఎలా జరిగిందని గైడ్ అడిగింది. అక్క నా వైపు చూడకుండా, నేను చెప్పలేదు, తను చెప్పింది, నాకంటే బాగా చెప్పింది అంది. గొంతులో ఏ భావమూ లేదు. ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

తర్వాత సంవత్సరం మెల్‌బోర్న్ కాన్ఫరెన్స్‌లో మాట్లాడే అవకాశం నాకు వచ్చింది. నా సొంత పని. బయల్దేరే ముందురోజు మా ఫ్లాట్‌లో, ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. నేను ఫ్రిజ్ పక్కన నిలబడి ప్రసంగమంతా ఒప్పజెప్పాను. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు, తల ఊపలేదు. అంతా అయ్యాక టీ ఒక గుక్క తాగి, “ఆ రెండో స్లైడ్ తీసెయ్. నీకు ఇష్టమని పెట్టినవ్ గనీ, అది దేనికీ పనికిరాదు,” అంది.

నాకు నిజంగానే ఆ స్లైడంటే ఇష్టం. నా మంచి కోరి అందో, కడుపుమంటతో అందో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ స్లైడ్ తీసేశాను. మళ్ళీ మొదట్నించీ చెప్పమంది. చెప్పాను. ఈసారి బాగుంది.